వేసవి సైన్స్ క్యాంపుకి పిల్లల్ని పంపాలంటే సంక్రాంతి లోపే మొదలుపెట్టాల్సిన పనులు

మూడేళ్ళ కిందట మా జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే ఒకమ్మాయి, ఇస్రో వాళ్ళు బడి పిల్లలకి అంతరిక్ష శాస్త్రం పరిచయం చేసే యువికా క్యాంపుకి దరఖాస్తు పెట్టింది. రెండో జాబితాలో పేరు వచ్చింది. ఆ సంగతి మాకు తెలిసేసరికి, వస్తామని ఒప్పుకోవడానికి ఇచ్చిన గడువు దాటిపోయింది. ఫారం నింపిన రోజు నెట్ సెంటర్ కుర్రాడు తన మెయిల్ ఐడీ కొట్టేశాడు. కబురు వచ్చి అతని మెయిల్‌లో ఎక్కడో అడుగున పడి ఉంది. ఆ రోజు కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనే. ఐడీ ఎవరిదని అడగలేదు. ఆ అమ్మాయి ఏడవలేదు. "పర్లేదు సార్" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మన ఊళ్ళ పిల్లలకి తెలివికి లోటు లేదు. ఒక సంతకం దగ్గరో, ఒక తేదీ దగ్గరో, ఒక మెయిల్ దగ్గరో వెనకబడిపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. మీరు తల్లిదండ్రులైనా, టీచరైనా, వరసగా ఏ పని ఎప్పుడు చేయాలో చెబుతాను.

ముందు పిల్లల్ని గమనించండి

ప్రోగ్రెస్ కార్డు చూసి నిర్ణయం తీసుకోవద్దు. 95 మార్కులు తెచ్చుకునే పిల్లల్లో కొందరికి జవాబు దొరికితే చాలు, పుస్తకం మూసేస్తారు. వాళ్ళు మంచి పిల్లలే. కానీ రెండు వారాలో, నెలో ఒకే విషయం మీద బుర్ర పెట్టి కూర్చునే క్యాంపులో వాళ్ళకి విసుగు పుడుతుంది. ఎవరికి ఇది నప్పుతుందో తెలుసుకోవడానికి నేను ఒక చిన్న లెక్క ఇస్తాను. మీరూ రాత్రి భోజనాలయ్యాక అడిగి చూడండి.

ఒక కొట్లో బిస్కెట్లు 3 ఉన్న ప్యాకెట్లు, 5 ఉన్న ప్యాకెట్లు మాత్రమే అమ్ముతారు. ప్యాకెట్ విప్పి ఇవ్వరు. సరిగ్గా ఎన్ని బిస్కెట్లు కావాలంటే కొనడం కుదరదు?

కాసేపట్లో చాలామంది 1, 2, 4, 7 అని చెప్పేస్తారు. సరైన జవాబే. అక్కడితో లేచిపోతారు. ఒకరిద్దరు మాత్రం లేవరు. "7 తర్వాత ఇంకేదీ మిగలదని ఎలా చెప్పగలం?" అని అడుగుతారు. కాసేపు గీకి, వాళ్ళే దారి పట్టుకుంటారు: 8 కావాలంటే ఒక 3, ఒక 5. 9 కావాలంటే మూడు 3లు. 10 కావాలంటే రెండు 5లు. వరసగా ఈ మూడూ కుదిరాయి కాబట్టి, వీటికి ఒక్కొక్క 3 ప్యాకెట్ కలుపుకుంటూ పోతే ఆ పైనున్న అంకెలన్నీ వచ్చేస్తాయి.

మా దగ్గర ఒకబ్బాయి లెక్కల్లో ఎప్పుడూ 60 దాటలేదు. ఈ లెక్క చెప్పిన మర్నాడు నోట్సు వెనక పేజీ చింపుకొచ్చాడు. 4, 7 ప్యాకెట్లయితే కుదరని వాటిలో చివరిది 17 అని రాశాడు. కింద ఇంకో లైను: "4, 6 ప్యాకెట్లయితే బేసి సంఖ్య ఎప్పటికీ రాదు, చివరిది అంటూ లేదు." అడగని ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్న పిల్లవాడు కనబడితే, వాడికోసం మీరు ఈ కింది పనులన్నీ చేయాలి.

ఏ క్యాంపుకి ఏ నెల

అన్నిటికన్నా ముందు యువికా గురించి చెబుతాను. ఊరి బడిలో చదివే పిల్లలకి ఇంత అనువైనది ఇంకోటి నేను చూడలేదు. ఇస్రో దీన్ని 2019లో మొదలుపెట్టింది. క్యాంపు జరిగే ఏడాది జనవరి 1 నాటికి తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలే అర్హులు. అంటే జీవితంలో ఒక్కసారే అవకాశం. పదో తరగతిలోకి వచ్చాక తెలిస్తే లాభం లేదు. దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీసుకుంటారు. క్యాంపు మే నెలలో రెండు వారాలు ఉంటుంది. శ్రీహరికోట, హైదరాబాద్, బెంగళూరు, తిరువనంతపురం, అహ్మదాబాద్, డెహ్రాడూన్, షిల్లాంగ్‌లలో ఉన్న ఇస్రో కేంద్రాల్లో నడుపుతారు. తిండి, బస, పుస్తకాలు వాళ్ళవే. పిల్లల ప్రయాణ ఖర్చుతో పాటు, దింపి తీసుకురావడానికి వెళ్ళే ఒక పెద్దమనిషి చార్జీలు కూడా ఇస్తారు. మన బడులకి ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి చదువుకీ అడ్డం రాదు.

లెక్కల పిచ్చి ఉన్న పిల్లలకి ఇంకో దారి ఉంది. అది సెప్టెంబరులోనే మొదలవుతుంది. గణిత ఒలింపియాడ్‌కి మొదటి మెట్టయిన ఐఓక్యూఎం అనే పరీక్షని ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. ప్రతి జవాబూ 0 నుంచి 99 లోపు ఒక అంకె. ఆప్షన్లు ఉండవు, కాబట్టి ఊహించి గీతలు పెట్టడం కుదరదు. అందులో నెగ్గితే ప్రాంతీయ స్థాయిలో ఆర్ఎంఓ, తర్వాత జనవరిలో జాతీయ స్థాయిలో ఐఎన్ఎంఓ. అదీ దాటిన కొద్దిమందికి వేసవిలో సుమారు నెల రోజుల శిక్షణ శిబిరం పెడతారు. ప్రపంచ పోటీకి వెళ్ళే భారత జట్టుని అక్కడే ఎంపిక చేస్తారు. సైన్సులో కూడా ఇలాంటి మెట్లే ఉన్నాయి. పదో తరగతి లోపు పిల్లలకి నవంబరులో ఎన్ఎస్ఈజేఎస్ అనే జూనియర్ సైన్స్ పరీక్ష జరుగుతుంది. దానికి పేరు నమోదు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే అయిపోతుంది. అన్ని మెట్లూ ఎక్కిన పిల్లలకి ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం వాళ్ళు వేసవి శిబిరం నడుపుతారు. వీటికి నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలుండదు. "వేసవిలో చూద్దాం" అనుకున్నవాళ్ళకి ఆ వేసవి ముందు సంవత్సరమే దాటిపోయి ఉంటుంది.

ఆర్ఎంఓ దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. నా మటుకు నాకు అది ఓటమి అనిపించదు. రెండు రోజులు ఒకే లెక్క పట్టుకుని కూర్చోవడం అలవాటైన పిల్లలకి ఆ తర్వాత ఏ చదువూ భయం కలిగించదు.

ఇంటర్ వయసు పిల్లలకైతే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో ప్రామిస్ ఇండియా అని ఆరు వారాల లెక్కల కార్యక్రమం ఉంది. అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీలో 1989 నుంచి నడుస్తున్న ప్రామిస్ కార్యక్రమానికి ఇది మన దేశపు రూపం. దరఖాస్తుతో పాటు కొన్ని కష్టమైన లెక్కలు ఇస్తారు. వాటిని పిల్లలే సొంతంగా చేసి పంపాలి. ఫీజు ఉంటుంది, స్థోమత లేనివాళ్ళకి సాయమూ ఉంటుంది, కాబట్టి ఫీజు చూసి వెనక్కి తగ్గకండి. సోనీపత్‌లోని అశోకా యూనివర్సిటీలో లోధా జీనియస్ ప్రోగ్రామ్ కూడా ఇలాంటిదే, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వాళ్ళకి.

ఇక్కడ ఒక హెచ్చరిక. "మీ పిల్లవాడు నాసాకి ఎంపికయ్యాడు, ఇన్ని లక్షలు కట్టండి" అని స్కూలు నుంచి కాగితం వస్తే, అది టూరు. డబ్బులుండి తిప్పి తీసుకురావాలనుకుంటే మీ ఇష్టం. అప్పు చేసి మాత్రం పంపకండి. అందులో ఎంపికా లేదు, పిల్లలు చేసే పనీ లేదు.

యువికా మార్కులు ఎక్కడ నుంచి వస్తాయి

ఇది తెలుసుకుంటే సగం పని అయినట్టే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకి 50 శాతం. గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదివే పిల్లలకి 15 శాతం. మనకి కొండంత అండ అదే. ఆన్‌లైన్ క్విజ్‌కి 10 శాతం. గత మూడేళ్ళలో సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్నవాళ్ళకి స్థాయిని బట్టి 10 శాతం వరకు. ఒలింపియాడ్లు, ఆటల పోటీలు, ఎన్‌సీసీ, స్కౌట్స్ లాంటి వాటికి మిగిలినవి.

ఈ లెక్క చూశారా? సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్ ఫిబ్రవరిలో పుట్టదు. పిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్నప్పుడే దానికి విత్తనం వేయాలి. అందుకు నేను వాడే దారి ఇన్‌స్పైర్ మానక్, బడి పిల్లల కొత్త ఆలోచనలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డు. ప్రతి స్కూలూ ఐదుగురు పిల్లల ఆలోచనల్ని ఆన్‌లైన్లో పంపొచ్చు. ఎంపికైన పిల్లల ఖాతాలో నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు పడతాయి. ఆ నమూనాతో జిల్లా ప్రదర్శనకి వెళ్తారు, బాగుంటే రాష్ట్ర స్థాయికి వెళ్తారు. నామినేషన్లు బడి తెరిచిన కొత్తలోనే మొదలవుతాయి. ఆ రోజుల్లో టీచర్లకి పుస్తకాల పంపిణీ, అడ్మిషన్లతో ఊపిరాడదని నాకు తెలుసు. అయినా ఐదు పేర్లు పంపకుండా వదిలేయకండి. తల్లిదండ్రులైతే జూలైలో ఒకసారి సైన్స్ టీచర్ని కలిసి, "సార్, మానక్‌కి పేర్లు పంపారా?" అని అడగండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

కబడ్డీలో మండల స్థాయికి వెళ్ళొచ్చిన కాగితం ఉన్నా దాచండి. ఏ కాగితానికి మార్కులు పడతాయన్నది ఆ ఏడాది యువికా ప్రకటన చదివితే తెలుస్తుంది.

కాగితాలు: డిసెంబరు నుంచి జనవరి దాకా

ఒక ప్లాస్టిక్ ఫోల్డరు కొనండి. అందులో ఆధార్, పుట్టిన తేదీ రుజువు, ఎనిమిదో తరగతి మార్కుల జాబితా, సర్టిఫికెట్లు, ఫోటోలు పెట్టండి. ఇక్కడ రెండు చోట్ల చిక్కు వస్తుంది.

మొదటిది పేరు. స్కూలు రికార్డులో ఇంటిపేరు పొడిఅక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఒకచోట "లక్ష్మి", ఇంకోచోట "మహాలక్ష్మి". ఆధార్ సరిచేయించడానికి రోజులు పడుతుంది కాబట్టి ఈ పని జనవరిలోనే చూసుకోండి. పుట్టిన తేదీ కూడా అంతే.

రెండోది ఎనిమిదో తరగతి మార్కులు. మన బడుల్లో ప్రోగ్రెస్ కార్డు మీద గ్రేడ్లు ఉంటాయి. దరఖాస్తులో మార్కులో, శాతమో అడుగుతారు. ఆఫీసు రిజిస్టర్ నుంచి మార్కులు తీసి రాయించి, హెచ్.ఎం. సంతకం, స్కూలు ముద్ర వేయించుకోండి. పోయిన ఏడాది వేరే స్కూల్లో చదివిన పిల్లలైతే ఆ స్కూలుకి వెళ్ళాలి. మార్చిలో వెళ్తే అందరూ పరీక్షల హడావిడిలో ఉంటారు. సంక్రాంతి లోపు వెళ్ళండి.

మెయిల్ ఐడీ పిల్లల పేరుతోనో, అమ్మానాన్నల పేరుతోనో ఇంట్లోనే తయారుచేయండి. పాస్‌వర్డ్ ఫోల్డరు లోపలి అట్ట మీద రాసిపెట్టండి. ఇంట్లో ఎవరి ఫోనులో నెట్ ఉంటే ఆ ఫోనులోనే ఆ మెయిల్ తెరిచి ఉంచండి. ఫోన్ నంబరు కూడా రీచార్జి ఆగకుండా నడిచే నంబరే ఇవ్వండి.

ఫారం నింపే రోజు

ప్రకటన వచ్చిన మొదటి వారంలోనే కూర్చోండి. చివరి రోజున సర్వర్ మొరాయిస్తుంది.

ముందు ఇస్రో అంతరిక్ష జిజ్ఞాస వెబ్‌సైటులో పేరు నమోదు చేయాలి. మెయిల్‌కి వచ్చిన లింకు నొక్కి ఖాతా నిజమేనని ఖరారు చేయాలి. తర్వాత క్విజ్. క్విజ్‌కి ముందు ఇచ్చే సూచనలు పిల్లల చేత పైకి చదివించండి. క్విజ్ పిల్లలే రాయాలి. పక్కన మీరు కూర్చుని జవాబులు అందిస్తే వచ్చేది 10 శాతంలో కొంచెం, పిల్లలు నేర్చుకునేది మాత్రం చాలా చెడ్డది. అందుకే నేను ఆ సమయానికి గది బయటకి వచ్చేస్తాను.

క్విజ్ అయిపోగానే ఫారం తెరవడానికి తొందరపడొద్దు. కనీసం గంటసేపు ఆగి యువికా పేజీలోకి వెళ్ళమని సూచనల్లో ఉంటుంది. చాలామంది అప్పుడే లాగిన్ అవకపోతే "ఏదో తప్పు జరిగింది" అని టెన్షన్ పడిపోయి మళ్ళీ కొత్త ఖాతా తెరుస్తారు. ఆ గంటలో టీ తాగి రండి.

ఫారం నింపాక ప్రింట్ తీసి, హెచ్.ఎం. చేత ధృవీకరణ సంతకం పెట్టించి, స్కాన్ చేసి తిరిగి ఎక్కించాలి. ఆ రోజు హెచ్.ఎం. మీటింగులో ఉంటే పని ఆగిపోతుంది. అందుకని ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఎక్కించినవాటిలో ఏ ఒక్కదానికీ అసలు కాగితం మీ దగ్గర లేకుండా ఉండకూడదు. లేని సర్టిఫికెట్‌కి టిక్కు పెడితే ఎంపికయ్యాక పేరు తీసేస్తారు. చివరగా, నెట్ సెంటర్‌లో నింపినా సరే, స్క్రీన్ మీద మెయిల్ ఐడీని అక్షరం అక్షరం పిల్లల చేత చదివించండి. నేను ఇప్పుడు రెండుసార్లు చదివిస్తున్నాను.

ఆ తర్వాత రోజూ ఒక పూట మెయిల్ చూడాలి, స్పామ్‌తో సహా. మొదటి జాబితాలో పేరు లేకపోతే చూడటం మానేయకండి. రాలేనివాళ్ళ స్థానాల్లో రెండో జాబితా ఇస్తారు.

ఇంట్లో ఒప్పించడం

ఆడపిల్లల విషయంలో అసలు పరీక్ష ఇక్కడే ఉంటుంది. "రెండు వారాలు అంత దూరం ఒక్కతినే ఎలా పంపుతాం సార్?" అని అడుగుతారు. అది ప్రేమ కొద్దీ పుట్టిన భయం. కొట్టిపారేయకండి. నేను వాళ్ళింటికి వెళ్ళి ఎంపిక ఉత్తరం ముందు పెట్టి, పిల్ల ఎక్కడ ఉంటుందో, ఎవరు చూసుకుంటారో, ఏ నంబరుకి ఫోన్ చేయాలో చదివి వినిపిస్తాను. ఒకరు వెంట వెళ్ళి దింపొచ్చని, ఆ చార్జీలు కూడా వస్తాయని చెబితే సగం భారం దిగుతుంది. నాయనమ్మ ఉన్న ఇల్లయితే ముందు ఆవిడతోనే మాట్లాడండి. ఆవిడ "వెళ్ళిరానీయండిరా" అంటే ఇక ఎవరూ అడ్డు చెప్పరు.

ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లలకి మే నెలలో పదో తరగతి పాఠాలు ముందే మొదలుపెడతారు. రెండు వారాలు పోతే వెనకబడతారేమోనని భయపడతారు. అవే పాఠాలు జూన్ నుంచి మార్చి దాకా మళ్ళీ చెబుతారు. రాకెట్ నమూనా తమ చేత్తో బిగించే అవకాశం, శాస్త్రవేత్తల్ని ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే అవకాశం మళ్ళీ రావు. సెలవు చీటీ రాసి, ఎంపిక ఉత్తరం జత చేసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి.

వెళ్ళే ముందు వారం

సంచి సర్దడం పిల్లల చేతే చేయించండి. నాలుగు జతల నూలు బట్టలు, చెప్పులు, బూట్లు, నీళ్ళ సీసా, మామూలుగా వాడే మందులు, ఒక ఖాళీ నోట్సు. శ్రీహరికోట పడితే సూళ్ళూరుపేట స్టేషన్‌లో దిగాలి. మే నెల ఎండ, ఉక్కపోత గట్టిగా ఉంటాయి. ఇస్రో కేంద్రాల లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్ళడానికి ఆంక్షలుంటాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు ఫోన్ కలవలేదని కంగారుపడతారు. రైలు, బస్సు టికెట్లు పారేయకండి, చార్జీలు తిరిగి రావాలంటే అవి కావాలి.

తెలుగు మీడియం పిల్లల భయమంతా ఇంగ్లీషు గురించే. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. వారం రోజులు రోజుకి పది మాటల చొప్పున నేర్పండి: ఆర్బిట్, పేలోడ్, లాంచ్ వెహికిల్, సెన్సర్, థ్రస్ట్ లాంటివి. ఒక్క వాక్యం మాత్రం బాగా పలికించండి: "సార్, నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి." దాన్ని ఇంగ్లీషులో తడబడకుండా అనగలిగితే మిగతాది పిల్లలే చూసుకుంటారు.

ఎంపిక కాకపోతే

వందల పేర్లలో మన పిల్లల పేరు లేకపోవడమే మామూలు. ఆ రోజు సాయంత్రం పిల్లల పక్కన కూర్చోండి. ఆ మర్నాడే ఇంటి దగ్గర పని మొదలుపెట్టండి. నాకు చాలా ఇష్టమైన పని ఒకటి చెబుతాను.

మన రెండు రాష్ట్రాల్లో వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదకి వస్తాడు. ఆ క్షణంలో నిట్టనిలువు కర్రకి నీడ ఉండదు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 దాటిన పది పన్నెండు నిమిషాలకి వస్తుంది. తిరుపతి లాంటి దక్షిణపు ఊళ్ళలో ఏప్రిల్ చివర్లోనే వచ్చేస్తుంది. పిల్లల చేత డాబా మీద ఒక మీటరు కర్ర నిలబెట్టించండి. నిలువు సరిగ్గా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకోవాలి. రోజూ 11:45 నుంచి 12:30 దాకా ఐదు నిమిషాలకొకసారి నీడ చివర సుద్దతో గుర్తు పెట్టి, పొడవు కొలిచి నోట్సులో రాయాలి. నీడ రోజురోజుకీ పొట్టిదవుతుంది, ఒకరోజు మాయమవుతుంది, ఆ తర్వాత ఇటు దక్షిణం వైపు మొలుస్తుంది. అలా ఎందుకు మొలిచిందో మీరు చెప్పకండి. వేరే ఊళ్ళో ఉన్న మేనమామ పిల్లలు కూడా ఇదే కొలిస్తే రెండు ఊళ్ళ తేదీల తేడా తెలుస్తుంది. ఆ తేడా ఎందుకని వెతకడంలోనే సెలవులు గడిచిపోతాయి. తలకి టోపీ, కాళ్ళకి చెప్పులు మాత్రం మరవద్దు, ఆ వేళకి డాబా కాలిపోతూ ఉంటుంది.

వీలైతే ఒకసారి తిరుపతి రీజినల్ సైన్స్ సెంటర్‌కో, హైదరాబాద్ బిర్లా ప్లానెటోరియానికో తీసుకెళ్ళండి. ఒక్క పూట చాలు.

తిరిగొచ్చాక

క్యాంపు నుంచి వచ్చిన పిల్లల్ని మొదటి రోజు ఏమీ అడక్కండి, నిద్రపోనివ్వండి. రెండో రోజు ఆ నోట్సు అడిగి తీసుకుని, మీరు కింద కూర్చుని, ప్రతి పేజీ వాళ్ళ చేతే చెప్పించుకోండి. బడి తెరిచిన వారంలో హెచ్.ఎం.ని అడిగి ఒక పీరియడ్ ఇప్పించండి. ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి ఆ రెండు వారాల్లో చూసింది తెలుగులో చెప్పనివ్వండి. వెనక బెంచీలో మీరూ కూర్చోండి. చెప్పడం అయ్యాక ప్రశ్నలు అడిగిన పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ఆ సాయంత్రమే ఐదు మానక్ నామినేషన్లు మొదలుపెట్టండి.